భర్త చేతికి తాళంచెవి ఎవరిచ్చారు?

ప్రవాస పెళ్ళిళ్ళ మీద సభ ఎక్కడ జరిగినా ఒక కరపత్రం పంచుతారు. అబ్బాయి ఉద్యోగం నిజమో కాదో విచారించండి, వీసా ఏ రకమో కనుక్కోండి, అక్కడ ఇంతకుముందే సంసారం ఉందేమో ఆరా తీయండి, పెళ్ళిని రిజిస్టరు చేయించండి, సెలవు అయిపోతోందని తొందరపెడితే లొంగకండి - ఇదీ వరస. విదేశాంగ శాఖ వేసిన మార్గదర్శక పుస్తకంలోనూ ఇంచుమించు ఇవే మాటలు. ఒక్కటీ తప్పు మాట కాదు. వీటిని పాటించినందువల్ల బయటపడిన ఆడపిల్లలు తప్పకుండా ఉంటారు. అయినా ఈ కరపత్రంతో నాకు పేచీ ఉంది. అది సమస్యనంతా పెళ్ళికొడుకు గుణంలో పెడుతుంది. అతను మోసగాడైతే పిల్ల బతుకు పాడవుతుంది, మంచివాడైతే బాగుపడుతుంది. కాబట్టి పరిష్కారం ఏమిటంటే ఆడపిల్ల తండ్రి ఇంకాస్త గట్టిగా విచారించడం!

నేనడిగేది వేరే ప్రశ్న. మొగుడు మంచివాడైనా చెడ్డవాడైనా, భార్య ఉద్యోగానికీ, రాకపోకలకీ, ఆ దేశంలో ఉండే హక్కుకీ తాళం వేసి ఆ తాళంచెవి అతని జేబులో వేసిందెవరు? మన ఆచారాలా? అత్తగార్లా? మన పితృస్వామ్య కుటుంబం చాలా పనులకు బాధ్యురాలే గానీ ఈ పని దానిది కాదు. ఇది చట్టం చేసిన పని. అచ్చువేసిన ఫారాల మీద, ఫీజు కట్టించుకుని మరీ చేస్తున్న పని.

ఇప్పటి రూపంలో ఉన్న హెచ్-1బి వీసా అమెరికా 1990లో చేసిన ఇమిగ్రేషన్ చట్టంతో వచ్చింది. ప్రస్తుతం ఏడాదికి 65 వేలు, అమెరికాలోనే మాస్టర్స్ చదివిన వారికి మరో 20 వేలు. మూడేళ్ళకిచ్చి మామూలుగా ఆరేళ్ళదాకా పొడిగిస్తారు. ఆ వీసా ఉన్నవారి జీవిత భాగస్వామికీ, 21 ఏళ్ళు నిండని పిల్లలకీ ఇచ్చేది హెచ్-4. ఎం.టెక్. చదివి నాలుగేళ్ళు ఉద్యోగం చేసిన స్త్రీనీ, చంకలో పాపనీ చట్టం ఒకే గడిలో కూర్చోబెట్టింది. ఆమె చదువుకోవచ్చు, ఫీజు ఎవరైనా కడితే. సంపాదించకూడదు. ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్మినా, పక్కింటి పిల్లలకు డబ్బు తీసుకుని సంగీతం చెప్పినా ఉల్లంఘన కిందికే వస్తుంది. పని అనుమతి లేనందువల్ల సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. ఆ నంబరు లేకపోతే సొంత పేరు మీద అప్పు పుట్టదు, ఇల్లు అద్దెకు దొరకడం కష్టం. డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా హోదా గడువుతోపాటే ముగుస్తుంది. పని చేయగలిగిన మనిషి చేతులు కట్టేసి, ఆ పైన ‘ఈమె ఆధారితురాలు’ అని రాసుకోవడాన్ని ఏమనాలి?

చట్టంలో భార్య అని రాయలేదు, జీవిత భాగస్వామి అని రాశారు, కాబట్టి ఇందులో లింగ వివక్ష లేదని వాదించేవారున్నారు. రాతలో లేదు, నిజమే. 2015 నుంచి 2017 చివరిదాకా హెచ్-4 వారికిచ్చిన పని అనుమతుల్లో 90 శాతానికి పైగా స్త్రీలకే వెళ్ళాయి, 90 శాతానికి పైగా భారతదేశంలో పుట్టినవారికే వెళ్ళాయి. చట్టం ఎవరిని ఉద్దేశించి రాశారన్నది కాదు, ఎవరి మీద పడుతోందన్నది చూడాలి. అయితే ఈ వాదనలో మనకు పనికొచ్చే ముక్క కూడా ఒకటుంది. సామాజిక శాస్త్రవేత్త పల్లవి బెనర్జీ 2022లో ప్రచురించిన పుస్తకంలో ఐటీ ఉద్యోగుల వెంట వెళ్ళిన భార్యలనూ, నర్సుల వెంట వెళ్ళిన భర్తలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ హోదాలోకి మగవాడు వెళ్ళినా సంపాదించే హక్కు లేనివాడే అవుతాడు. మరి ఆధారపడటం స్త్రీ స్వభావమనీ, మన సంస్కృతి అనీ అనడానికి వీలెక్కడుంది?

ఈ తయారీ పెళ్ళి పందిట్లోనే మొదలవుతుంది. అసలు ముహూర్తం పెట్టేది ఇప్పుడు పంచాంగం కాదు. అబ్బాయికి దొరికే మూడు వారాల సెలవు, కాన్సులేట్‌లో దొరికే అపాయింట్‌మెంటు తేదీ - ఈ రెంటి మధ్య ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే శుభలగ్నం. తర్వాత పెళ్ళి సర్టిఫికెట్ కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కించడం. (ఎక్కించడం తేలిక. తీసేయాలంటే విడాకుల డిక్రీ చూపించాలి.) తర్వాత డీఎస్-160 ఫారం, వేలిముద్రలు, ఇంటర్వ్యూ. 2008లో హైదరాబాదులో కాన్సులేట్ తెరిచేదాకా మనవాళ్ళు రాత్రి రైలెక్కి చెన్నై వెళ్ళేవారు. బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉన్న ఆ కార్యాలయం 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. చిలుకూరు బాలాజీకి ‘వీసా దేవుడు’ అన్న పేరు ఊరికే రాలేదు. ముందు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూటెనిమిది. దేవుడి దగ్గర మాత్రం భర్త జీతం కాగితాలు అడగరు.

కాన్సులేట్‌లో అడుగుతారు. ఆ ఫైలు ఒకసారి విప్పి చూడండి. భర్త కంపెనీ పిటిషన్ మంజూరైనట్టు చెప్పే ఐ-797 పత్రం, కంపెనీ ఇచ్చిన ఉత్తరం, జీతం చీటీలు, పన్ను కాగితాలు, అతని పాస్‌పోర్టు నకలు. దరఖాస్తుదారు ఆమె, సాక్ష్యాలన్నీ అతనివి. ఆమె తరఫున ఆమె చూపించగలిగింది పెళ్ళి ఒక్కటే. అందుకే శుభలేఖ, ఆల్బం, బంధువులందరూ ఉన్న గ్రూపు ఫోటో. పెద్దలు కుదిర్చిందా, ప్రేమ వివాహమా? ఎప్పుడు కలుసుకున్నారు? ఆయన పనిచేసే కంపెనీ పేరేమిటి, జీతమెంత? మంగళసూత్రం పైకి కనిపించేలా వేసుకో, నల్లపూసలు కూడా ఉంటే మంచిది, పసుపు పారాణి ఆరకముందే వెళ్ళు అని నేర్పే సలహాదారులు మన ఊళ్ళలో ఉన్నారు. మనం వద్దనుకుంటున్న చిహ్నాలకు ఇంత గిరాకీ అగ్రరాజ్యపు కౌంటరు దగ్గర ఏర్పడటం విచిత్రం. ఆమె బి.టెక్. పట్టా ఆ ఫైల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. ఆమెకు వీసా రావడానికి అది చేసేదేమీ లేదు.

వలస వచ్చే ఆడదాని ‘నిజాయితీ’ని రాజ్యం ఆమె ఒంటి మీద వెతకడం కొత్తేమీ కాదు. 1979 జనవరిలో, పెళ్ళి చేసుకోవడానికి లండన్ వెళ్ళిన 35 ఏళ్ళ భారతీయ ఉపాధ్యాయినికి హీత్రూ విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేయించారు. నిజంగా పెళ్ళికానిదేనా అని తేల్చుకోవడానికట! అది పత్రికలకెక్కి గగ్గోలయ్యాక మానుకున్నారు. ఇప్పుడు ఒంటి జోలికి రావడం లేదు, ఫోను జోలికి వస్తున్నారు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాలన్నీ పరిశీలిస్తామన్నారు, ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టమన్నారు. ఆ దెబ్బతో మన దేశంలో డిసెంబరు ఇంటర్వ్యూలు చాలా వరకు నెలల తరబడి వాయిదాపడ్డాయి. కొత్తగా పెళ్ళయిన పిల్ల పెళ్ళికి ముందు ఏం రాసింది, ఎవరితో ఫోటో దిగింది అని అధికారి కోసం తెరిచిన ఆ ఖాతాను అత్తవారి చుట్టాలంతా కూడా చూస్తారని వేరే చెప్పాలా?

సరే, వీసా వచ్చింది, వెళ్ళింది, భర్త మంచివాడు. అప్పుడేమవుతుంది? ఎదురుచూడటం మొదలవుతుంది. 2015 మే 26 నుంచి అమల్లోకొచ్చిన నిబంధన ప్రకారం కొందరు హెచ్-4 స్త్రీలు పని అనుమతి కార్డు తీసుకోవచ్చు. ఎవరు? భర్త గ్రీన్ కార్డు కోసం అతని కంపెనీ పెట్టిన ఐ-140 పిటిషన్ మంజూరై ఉండాలి, లేదా ఆ గ్రీన్ కార్డు ప్రక్రియ కారణంగా అతని హెచ్-1బిని ఆరేళ్ళు దాటి పొడిగించి ఉండాలి. అంటే ఆమె పని హక్కు ఇప్పుడు భర్త చేతిలోనే కాదు, భర్త యజమాని చేతిలోనూ ఉంది. ఉద్యోగ ప్రాతిపదిక గ్రీన్ కార్డులు ఏడాదికి లక్షా నలభై వేలు, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదు. అందువల్ల భారతదేశంలో పుట్టినవారి వరస దశాబ్దాల పొడవు సాగుతుంది. ఆ వరసలో భర్త నిలబడి ఉన్నంతకాలం భార్య అతని నీడలో నిలబడి ఉండాలి.

పైగా ఈ అనుమతి దయాదాక్షిణ్యం. అది రావడంతోనే, అమెరికన్ ఉద్యోగుల బృందం ఒకటి దాన్ని కొట్టేయాలని 2015లోనే దావా వేసింది. 2017 నుంచి ప్రభుత్వమే రద్దు చేస్తానని తన ఎజెండాలో పెట్టుకుంది. 2021 జనవరిలో గానీ ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకోలేదు. దావా మాత్రం పదేళ్ళు నడిచింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు అనుమతి నిబంధనను సమర్థించింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు జోలికి వెళ్ళడానికి నిరాకరించింది. హమ్మయ్య అనుకునేలోపే, అదే నెల 30 నుంచి పెట్టుకునే పునరుద్ధరణ దరఖాస్తులకు అంతకుముందు ఉన్న ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత కార్డు గడువు తీరేనాటికి కొత్తది చేతికి రాకపోతే మర్నాడు ఉద్యోగానికి వెళ్ళడానికి లేదు. భర్త పొడిగింపు కాగితానికైతే కంపెనీ అదనపు ఫీజు కట్టి 15 పనిదినాల్లో జవాబు తెప్పించుకోవచ్చు. భార్య పొడిగింపు దరఖాస్తుకు ఆ సదుపాయం పెట్టలేదు.

ఇది తప్పనిసరి పరిస్థితి, ప్రతి దేశానికీ తన కార్మికులను కాపాడుకునే హక్కుంటుంది అంటారా? అదే అమెరికాలో, బహుళజాతి కంపెనీ తన సొంత శాఖకు బదిలీ చేసుకున్న ఎల్-1 ఉద్యోగి భార్యకు 2002 చట్టంతో పని హక్కు వచ్చింది. 2021 నవంబరులో ఒక కోర్టు రాజీ తర్వాత ఆమెకు విడిగా కార్డు కూడా అక్కర్లేకుండా పోయింది. ఒకే విమానంలో పక్క సీట్లలో కూర్చుని వెళ్ళిన ఇద్దరు హైదరాబాదు ఆడవాళ్ళలో ఒకామెకు దిగిన మర్నాటి నుంచి పనిచేసే హక్కుంది, రెండో ఆమె పదేళ్ళు ఆగాలి. తేడా వాళ్ళ చదువులో లేదు, భర్తల వీసా అక్షరంలో ఉంది. తలుచుకుంటే మార్చగలిగిన దాన్ని మార్చలేదన్నమాట.

ఇక భర్త మంచివాడు కాకపోతే! ఉద్యోగం పోయిన హెచ్-1బి భర్తకు వేరే దారి చూసుకోవడానికి 60 రోజులదాకా గడువుంది. అతని మీద ఆధారపడిన వాళ్ళకీ ఆ గడువు వర్తిస్తుంది. కానీ పెళ్ళి పోయిన భార్యకు అలాంటి గడువేదీ లేదు. విడాకుల డిక్రీ వచ్చిన రోజునే హెచ్-4 హోదా పోతుంది. ఉద్యోగం పోవడం ఆపద అని చట్టానికి తెలుసు. పెళ్ళి పోవడం ఆమె సొంత గొడవ! ఈ సంగతి భర్తలకు బాగా తెలుసు. నేను మాట్లాడిన స్త్రీలలో చెయ్యి చేసుకున్న భర్తల కన్నా ‘రేపే టికెట్ కొని పంపించేస్తాను’ అన్న మాటతో నోరు మూయించిన భర్తలే ఎక్కువ. ఆ మాట అనడానికి అతను రాక్షసుడై ఉండక్కర్లేదు. మామూలు మొగుడైతే చాలు. మామూలు మొగుడి చేతికి అలాంటి మాట అందించిన చట్టం గురించి కదా మనం మాట్లాడాలి.

హింస జరిగితే రక్షణ ఉందిగా అంటారు. చూద్దాం. భర్త అమెరికా పౌరుడో గ్రీన్ కార్డుదారో అయితే, హింసకు గురైన భార్య తానే సొంతంగా దరఖాస్తు పెట్టుకునే వీలు 1994 చట్టం ఇచ్చింది. హెచ్-4 భార్యకు అది వర్తించదు. ఆమెకు 2005లో చేసిన సవరణ పని అనుమతి మాత్రం ఇస్తామంది. దానికి ఫారం తయారై అమలు మొదలైంది 2017లో. ఒక ఫారం అచ్చు కావడానికి పన్నెండేళ్ళు! అందులోనూ ఆమె హింసను రుజువు చేయాలి, భర్త హోదానూ రుజువు చేయాలి. ఆ కాగితాలు ఉండేది అతని బీరువాలో. నేర బాధితులకిచ్చే యు వీసా మరో దారి. పోలీసులకు సహకరించినట్టు ధ్రువపత్రం కావాలి, ఏడాదికి పదివేలే ఇస్తారు, వరస ఏళ్ళ తరబడి సాగుతుంది.

భర్త చనిపోయినా అంతే. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో జాతి విద్వేషంతో కాల్చి చంపిన కూచిభొట్ల శ్రీనివాస్ మనందరికీ గుర్తున్నాడు. ఆయన భార్య సునయన దుమాల అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చారు. అతని ప్రాణంతోపాటే అమెరికాలో ఆమె హోదా కూడా పోయింది. ఏళ్ళ తరబడి ఉన్న ఇంటికీ, చేస్తున్న ఉద్యోగానికీ తిరిగి వెళ్ళడానికి, ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే తాత్కాలికంగా దారి దొరికింది. ప్రపంచమంతా చూసిన మరణం కాబట్టి అది దొరికింది. రోడ్డు ప్రమాదంలోనో గుండెపోటుతోనో పోయిన వాళ్ళ భార్యల కోసం ఏ సభ్యుడు పూనుకుంటాడు?

మన కోర్టులు ఏమీ చేయలేదనను. తిరుపతిలో పెళ్ళిచేసుకుని, అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మరో పెళ్ళి చేసుకున్న మన తెలుగాయన కేసులోనే 1991లో సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవంది. 1994లో నీరజా సరాఫ్ కేసులో, ఇటువంటి భార్యల రక్షణకు చట్టం చేయమని సూచించింది. 2019 ఫిబ్రవరిలో ప్రవాసుల పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ బిల్లు రాజ్యసభలో పెట్టారు. 2024లో లా కమిషన్ తన 287వ నివేదికలో ఇంకా సమగ్రమైన చట్టం కావాలంది. ముప్పై ఏళ్ళు గడిచాయి, ఇంకా ‘కావాలి’ దగ్గరే ఉన్నాం. అయితే ఇవన్నీ పారిపోయిన భర్తను పట్టుకోవడానికి వేసే వలలు. వీటి అవసరం ఉంది. కానీ ఇక్కడ వదిలేసిన భార్యకు అమెరికా కోర్టు నుంచి విడాకుల సమన్లు గుంటూరుకు వస్తే, అక్కడికి వెళ్ళి వాదించుకోవడానికి మళ్ళీ వీసా కావాలి. హెచ్-4 ముద్ర వేయించుకోవాలంటే భర్త కాగితాలు పంపాలి. విజిటర్ వీసా అడిగితే, తిరిగి వస్తావన్న నమ్మకం ఏమిటంటారు. విడాకులకు ఒప్పుకోని భార్యను ఓడించడానికి అతను పెద్దగా ఏమీ చేయక్కర్లేదు. ఒక కవరు పోస్టు చేయకుండా ఉంటే చాలు.

హెచ్-1బి ఫీజులు పెంచారని మన ప్రభుత్వం 2016లో అమెరికా మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో వివాదం లేవనెత్తింది. అది కంపెనీల ఖర్చు కాబట్టి వాణిజ్యం. ఆ ఉద్యోగితో పాటు వెళ్ళి, వండిపెట్టి, పిల్లలను పెంచి, పన్నెండు గంటల పని చేసి రమ్మని అతన్ని పంపిస్తున్న మనిషి ఎందులోకి వస్తుంది? ఆమె గురించి ఫిర్యాదు చేసుకోవడానికి వేదికే లేదు.

ఈ వ్యాసం చదివి మన మిత్రుల్లోనే కొందరు పెదవి విరుస్తారని నాకు తెలుసు. కోట్లు కట్నం పోసి అమెరికా సంబంధం కొనుక్కున్న పై కులాల కుటుంబాల గొడవ మనకెందుకు, ఇష్టపడే వెళ్ళారు కదా అంటారు. కట్నం సంగతి నిజమే. తెలుగు ప్రాంతంలో ఐటీ ఉద్యోగులను ఎగుమతి చేసే వ్యాపారానికి కట్నం పెట్టుబడిగా మారిన తీరును జియాంగ్ బియావ్ 2007లోనే రాశారు. అయితే ఆ లెక్కను ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళాలి. పెళ్ళికి ముందు ఆమె పుట్టింటి డబ్బు అతని ప్రయాణానికి పెట్టుబడి అయితే, పెళ్ళి తర్వాత ఆమె ఉద్యోగం మానడం అతని ఉద్యోగానికి రెండో పెట్టుబడి. రెండూ పెట్టి ఆమె కొనుక్కున్నది సంపాదించకూడని హోదా.

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళే స్త్రీల గురించి మనం చాలా కాలంగా మాట్లాడుతున్నాం. అక్కడ ఆమె అకామా కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. అతని ఇల్లు వదిలితే ఆమె నేరస్థురాలు. ఆ పద్ధతిని బానిసత్వమని పిలవడానికి మనకెప్పుడూ సంకోచం లేదు. డాలస్‌లో అపార్ట్‌మెంటూ కువైట్‌లో వంటగదీ ఒకటేనని నేననను. తిండి, గౌరవం, ప్రాణభయం - వీటిలో ఉన్న తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపేస్తే కువైట్ వెళ్ళిన స్త్రీకి అన్యాయం చేసినట్టవుతుంది. కానీ చట్టం వాడిన ఉపాయం ఒకటే. ఒక మనిషి దేశంలో ఉండే హక్కును మరో మనిషికి కట్టేయడం. అక్కడ కఫీల్, ఇక్కడ భర్త. మొదటిదాన్ని వ్యవస్థ అంటున్నాం, రెండోదాన్ని దురదృష్టం అంటున్నాం. మన ప్రభుత్వమూ ఇలాగే ఆలోచిస్తుంది. ముప్పై ఏళ్ళు నిండని ఆడదాన్ని గల్ఫ్‌లో ఇంటిపనికి పోనివ్వనంటుంది. అమెరికాకు ఆధారితురాలిగా వెళ్ళే అమ్మాయికి కరపత్రం ఇస్తుంది. రెండు చోట్లా ఆడదాన్ని ఆపడమో హెచ్చరించడమో తప్ప ఆ ముడిని విప్పమని అవతలి దేశాన్ని నిలదీయడం కనిపించదు.

కాబట్టి మనం అడగాల్సింది మంచి అల్లుళ్ళను ఎంచుకునే మార్గాలు కాదు. హెచ్-4తోపాటే పని హక్కు ఉండాలి, ఎల్-1 భార్యకు ఉన్నట్టే. విడిపోయినా, భర్త పోయినా, ఆమె చేతిలో ఉన్న ఐ-94 మీద రాసిన తేదీదాకా ఆమె హోదా ఆమెకే ఉండాలి. ఆమె వీసాకు ఆధారమైన కాగితాలు భర్త ద్వారా కాకుండా నేరుగా ఆమెకే ఇవ్వాలి. అక్కడ కేసు నడుస్తున్న స్త్రీకి కోర్టుకు హాజరు కావడానికి వీసా ఇవ్వాలి. వీటిలో ఏదీ మన అసెంబ్లీ చేయగలిగింది కాదు. అక్కడి స్త్రీల సంఘాలతో, వలస కార్మికుల సంఘాలతో కలిసి అడగాలి, ఢిల్లీలో విదేశాంగ శాఖ చేత అడిగించాలి. ఆలస్యమవుతుంది.

ఆలస్యం కాకుండా చేయగలిగిన పని ఒకటి మన సహాయ కేంద్రాల్లోనే ఉంది. ప్రవాస భర్తల కేసుల కోసం మనం వాడే దరఖాస్తు ఫారంలో భర్త పేరు, భర్త కంపెనీ, భర్త వీసా, భర్త చిరునామా అని నాలుగు గడులున్నాయి. ఆమె హోదా ఏ తేదీతో ముగుస్తుంది, ఐ-797 నకలు ఆమె దగ్గర ఉందా, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, పని అనుమతి కార్డు ఎప్పుడైనా వచ్చిందా అని అడిగే గడి ఒక్కటీ లేదు. వచ్చే త్రైమాసికానికి ఫారాలు కొత్తగా అచ్చు వేయిస్తున్నారని విన్నాను. ఆ నాలుగు ప్రశ్నలూ మొదటి పేజీలో చేర్చండి. అమెరికా వెళ్ళబోతూ మన దగ్గరకు పెళ్ళి రిజిస్ట్రేషన్ సలహా కోసం వచ్చే అమ్మాయిల చేత కూడా ఆ కాగితాల నకళ్ళు రెండు జతలు తీయించి, ఒకటి ఆమె దగ్గర, ఒకటి ఆమె తల్లి దగ్గర ఉండేలా చూడండి.